రాయి విసరువారు, దారి ఊడ్చువారు

తెల్లవారి లేచి వాకిలి ఊడ్చుట, భోజనములైన పిమ్మట వంటయిల్లు ఊడ్చుట, దీపాలవేళకు ముందు మరల ముంగిలి ఊడ్చుట, ఇది మన దినచర్య. ఊడ్చిననాడు ఎవరును అడుగరు. ఊడ్వనినాడు మాత్రము అందఱును అడుగుదురు. అట్టి చీపురును చేతబట్టి, లోకమంతయు చూచుచుండగా, గెలుపోటములను తేల్చు ఆట యొకటి గలదని నేను ఇటీవలనే తెలిసికొంటిని. దానివలన నాకు సంతోషముతోపాటు కొంత సిగ్గును కలిగినది. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా వేంసూరు ఖమ్మముజిల్లా అంచున నున్నది. చుట్టును మామిడితోటలు, పామాయిలు తోటలు. ఉత్తరముగా సాగిపోయినచో భద్రాచలపు అడవులు. మా అమ్మాయి చదువు బడిలో ఆడపిల్లల కబడ్డీజట్టు ఉన్నది. బరిలో నిలుచువారు ఏడుగురు. ఒకనాటి సాయంకాలము అందులో ఆరుగురు మా అరుగుమీదికి వచ్చిరి. ఏడవ పిల్లను తల్లి ఆట మాన్పించినదట. పిల్ల పెద్దమనిషియైనది, ఇక నలుగురిలో దుముకుట తగదని ఆమె పట్టు.

"అత్తమ్మా, మీరు ఒక్కమాట చెబితే వాళ్ళమ్మ వింటుంది" అని పిల్లలు బ్రతిమాలిరి.

"అది వాళ్ళింటి సంగతి, మనమెందుకు? ఇంకో పిల్లను చూసుకోండి" అని నేను పంపివేసితిని.

"ఇంకో పిల్ల దొరుకుతుందమ్మా, కాని అది దొరకదుగా" అని మా అమ్మాయి లోపలికి పోయినది. ఆ రాత్రి అన్నముల వేళ నాతో మాటాడలేదు. తరువాత తన తండ్రిగారి ఫోను తెచ్చి, "ఇది చూడు" అని నా ముందఱ పెట్టినది. అందులో కొందఱు యువతులు మంచుమీద ఒక రాతి వెంట చీపుళ్లు పట్టుకొని పరుగెత్తుచుండిరి.

ఆ ఆట పేరు కర్లింగు. పదునాఱవ శతాబ్దమునాటికే స్కాట్లండు దేశీయులు చలికాలమున గడ్డకట్టిన చెఱువులపై దీని నాడుచుండిరి. 1511వ సంవత్సరము చెక్కియున్న ఆటరాయి యొకటి అచ్చట దొరకినది. ఇప్పుడు పెద్ద మందిరములలో మంచు పఱచి ఆడుదురు. ఆ మంచుబాట పొడవు ఇంచుమించు 150 అడుగులు. దాని చివర 12 అడుగుల అడ్డుకొలత గల వలయము ఉండును. ఆ వలయమునకు వారు పెట్టిన పేరు 'ఇల్లు'. జట్టునకు నలుగురు, ఒక్కొక్కరికి రెండేసి రాళ్లు. పైన పిడిగల ఆ గ్రానైటురాయి బరువు 20 కిలోలకు మించదు. ఇరుజట్టుల 16 రాళ్లును ముగిసిన పిమ్మట ఇంటి నడిమధ్యకు ఎవరి రాయి దగ్గఱగా నున్నదో ఆ విడత వారిది. చిన్ననాడు తొక్కుడుబిళ్లను గురిచూచి గడిలో వేసిన మనకు ఈ నేర్పు బొత్తిగా క్రొత్తది కాదు.

అయితే దీనిలోని విశేషము రాయి చేయి విడిచిన తరువాతనే యున్నది. ఆ మంచు అద్దమువలె నుండదు; నీటిబిందువులు చల్లి గడ్డకట్టించిన సన్నని బొడిపెలతో నుండును. వానిపై రాయి మెల్లగా తిరుగుచు, ఒకప్రక్కకు వంగుచు పోవును. ఇద్దఱు దాని ముందు చీపుళ్లతో మంచును బలముగా రుద్దుదురు. ఆ రాపిడికి పైపొర కొంచెము వెచ్చబడి రాతికి అడ్డు తగ్గును. రాయి మఱికొంత దూరము పోవును, వంపును తగ్గును. ఎప్పుడు ఊడ్వవలెనో, ఎప్పుడు ఆపవలెనో నాయకురాలు ఎదుటి కొసనుండి కేకవేయును. కదలుచున్న రాతిని మాత్రము చీపురు తాకరాదు, తాకినచో తప్పు. దారిని సవరించుటయే వారి పని.

1998లో జపాను దేశపు నగానోలో జరిగిన ఒలింపిక్సునందు స్త్రీల కర్లింగునకు పతకములిచ్చుట మొదలైనది. 2002లో అమెరికాలోని సాల్టులేకు నగరమున చిట్టచివరి రాతితో స్విట్జర్లాండును 4-3 గా గెలిచిన బ్రిటను జట్టు నాయకురాలు రోనా మార్టిన్ ఇద్దఱు బిడ్డల తల్లి, గృహిణి. నేను ఫోనులో చూచినది మాత్రము 2018లో దక్షిణకొరియాలోని పియాంగ్‌చాంగ్ ఒలింపిక్సులో ఆడిన కొరియా జట్టు.

ఆ జట్టులో నలుగురు ఉయిసంగ్ అను వెల్లుల్లిపంటల సీమవారు. ఆ చిన్న ఊరిలో 2006లో కర్లింగు మందిరము కట్టిరి. ఉన్నతపాఠశాలలో చదువుచుండిన యున్‌జంగ్ తన స్నేహితురాలు యంగ్‌మీని ఆటకు పిలిచినది. అక్కకు ఏదో వస్తువు అందించుటకై వచ్చిన యంగ్‌మీ చెల్లెలు క్యుంగే అచ్చటనే చేరిపోయినది. క్యుంగే తన తరగతి స్నేహితురాలు సన్‌యంగును తెచ్చినది. వేఱొక ఊరి ఛోహీ పిమ్మట వచ్చి కలిసినది. ఐదుగురి యింటిపేరును కిమ్. మన పిల్లలు చేయి చేయి పట్టుకొని బడికి పోవునట్లే వీరు ఒకరినొకరు పిలుచుకొని ఒలింపిక్సు దాక పోయిరి.

వీరిలో ముందుగా రాళ్లు వేయునది, తరువాత తక్కినవారి రాళ్లకు దారి ఊడ్చునది యంగ్‌మీ. చివరి రాయి, అనగా అందఱి కన్నులును నిలుచు రాయి, ఆమెది కాదు, అది నాయకురాలిది. కాని నాయకురాలు యున్‌జంగ్ మాటిమాటికి "యంగ్‌మీ!" అని కేకవేయును. కేక హెచ్చినచో వేగముగా ఊడ్వుమని. సాగినచో నెమ్మదిగా నని. ఆ ఆటలు ముగియునప్పటికి కొరియాలో ఇంటింట ఆ పేరే వినబడినదట. ఫిబ్రవరి 23న జపానును అదనపు విడతలో 8-7 గా గెలిచి, 25న స్వీడనుతో 3-8 గా ఓడి, తమ దేశమునకు ఈ ఆటలో మొదటి ఒలింపిక్ పతకమును, వెండిపతకమును, తెచ్చిరి.

సేతుబంధన ఘట్టమును నేను మా తండ్రిగారి యొద్ద చదువుకొంటిని. వారధి కట్టిన నలుని పేరు నిలిచినది. రాళ్లు మోసి యందించిన వానరులలో ఎందఱి పేర్లు మనకు తెలియును? ఇచ్చట మాత్రము దారి ఊడ్చినదాని పేరు ఊరూర మ్రోగినది. అది నాకు మిక్కిలి హితముగా తోచినది.

కాని నాకు సిగ్గు కలిగించినది ఆ పిమ్మటి కథ. 2018 నవంబరులో ఆ ఐదుగురును ఒక్కటై తమ శిక్షకులపై ఫిర్యాదు చేసిరి. తమను దుర్భాషలాడుచున్నారనియు, బహుమతి సొమ్ము తమకు సరిగా అందలేదనియు, యున్‌జంగ్ వివాహమాడినందున ఆమెను మెల్లగా ప్రక్కకు నెట్టజూచుచున్నారనియు వారి మొఱ. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వ విచారణ వారి మాటలలో పెక్కు నిజమని తేల్చినది. పెండ్లియైన నాయకురాలికి బదులు మఱియొకరిని చూచుకొందమని ఆ నలుగురును అనలేదు. ఆమె 2019లో బిడ్డను కని మరల మంచుమీదికి వచ్చినది. 2022లో బీజింగు ఒలింపిక్సునకు ఆమెయే నాయకురాలు. ఆ యేటనే ప్రపంచపోటీలలో వెండిపతకమును గెలిచిరి.

"ఇంకో పిల్లను చూసుకోండి" అన్న నా మాట నాకే చెవిలో గింగురుమన్నది.

మఱునాడు పొద్దువాలిన తరువాత ఆ యేడవ పిల్ల యింటికి పోయితిని. ఆ తల్లి వాకిలి ఊడ్చుచున్నది. నేను కర్లింగు సంగతి చెప్పగా చీపురు చేతనుంచుకొనియే నవ్వినది.

"ఊడ్చుట కూడా ఆటేనా అక్కా? అయినా అది వాళ్ళ దేశం. మన దగ్గర ఎవరు చేస్తారు?"

మన యూళ్లలో మంచుబాటలు లేకున్నను, మన దేశమున పచ్చికపై బంతిని దొర్లించి గురి చేర్చు లాన్ బౌల్స్ అను ఆట యున్నదని చెప్పితిని. 2022 ఆగస్టు 2న బర్మింగుహాములోని కామన్వెల్తు క్రీడలలో లవ్లీ చౌబే, పింకీ, నయన్మొనీ సైకియా, రూపారాణీ తిర్కీ అను నలుగురు మనవారు దక్షిణాఫ్రికాను 17-10 గా ఓడించి బంగారుపతకము తెచ్చిరి. ఆనాడు వారిలో ఒకరు పోలీసుశాఖలో, ఒకరు అస్సాము అటవీశాఖలో ఉద్యోగినులుగా నుండిరి. ఒకరు బడిలో పిల్లలకు ఆటలు నేర్పు ఉపాధ్యాయిని.

ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, "నాకు ఆటంటే కోపం కాదక్కా. పక్క ఊళ్ళో పోటీ అంటే పొద్దుపోయి వస్తారు. దాని వెంట ఎవరుంటారు? మీరు పోతారా?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి పోలేదు. ఇతరుల యింటికి పోయి నీతి చెప్పుట సులభము. ఒకపూట ఇంటిపని విడిచి పిల్లల వెంట బస్సెక్కుట వేఱు. ఇంటిలో అత్తగారున్నారు, వంట యున్నది, మా వారికి మరునాటి బడి యున్నది. అయినను, "పోతాను" అంటిని.

సత్తుపల్లి పోటీకి ఏడుగురును పోయిరి, నేనును పోయితిని. ఆ పూట మా వారే అన్నము వండి, తల్లిగారికి వడ్డించిరి. మా పిల్లలు మొదటి ఆట గెలిచి రెండవది ఓడిరి. తిరిగి వచ్చునప్పటికి చీకటిపడినది. బస్సు దిగుచోట ఆ పిల్ల తల్లి టార్చిదీపము పట్టుకొని నిలిచియున్నది. "గెలిచారా?" అని అడుగలేదు; "మళ్ళీ ఎప్పుడు?" అని అడిగినది.

సోదరీమణులారా! మన పిల్లల చేతిలోని రాయిని మనము విసరలేము, తాకనురాదు. దాని ముందఱి దారిని కొంత ఊడ్వగలము. అది మనకు చేతకాని పని కాదు గదా!