బోర్డు మీద మహబూబ్‌నగర్, నోట్లో పాలమూరు

మహబూబ్‌నగర్ స్టేషన్‌లో రైలు దిగి ఆటో ఎక్కగానే డ్రైవర్ అడిగాడు: "పాలమూరుకు కొత్తనా సారూ?" స్టేషన్ బోర్డు మీది పేరు ఆయన నోట రాలేదు. నేను వచ్చింది ఈ రెండు పేర్ల కోసమే.

గడియారం చౌరస్తా దాటి సర్కారు కచేరీల వైపు నడిచాను. ఈ ఊరి దశ తిప్పింది కచేరీలే. దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ తెచ్చి, నిజాం రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. ఈ జిల్లాకు మొదట నాగర్‌కర్నూల్ కేంద్రం. 1883 నుంచి కచేరీ ఇక్కడ నడిచింది. అప్పటికి ఊరికి పాలమూరు, రుక్మమ్మపేట అని రెండు పేర్లున్నాయి. 1890 డిసెంబర్ 4న మూడోది వచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. రెండేళ్ల పసివాడిగా గద్దెనెక్కిన ఆయన పేరే ఊరికి పెట్టారు.

బస్టాండులో మూటలు పక్కన పెట్టుకొని పుణె బస్సు కోసం ఒక కుటుంబం కూర్చుంది. "ఆడ ఏ ఊరని అడిగితే ఏమంటరవ్వా?" అన్నాను. "పాలమూరంటం బిడ్డా. మేస్త్రీ గూడ గట్లనే రాసుకుంటడు" అంది పెద్దావిడ. నాగార్జునసాగర్ కట్టిన చేతుల్లో పాలమూరు కూలీలవీ ఉన్నాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా, కాలువ తవ్వినా గుంపుమేస్త్రీల వెంట వీళ్లు పోయారు. నీళ్లు పారించే పనికి ఊళ్లు తిరిగిన వాళ్ల పొలాలు మాత్రం వానకు ఎదురుచూశాయి. అందుకే 2008లో వచ్చిన విశ్వవిద్యాలయానికీ, తర్వాతి ఎత్తిపోతల పథకానికీ పాలమూరు పేరు పెట్టడం నాకు న్యాయంగా తోచింది. అలాగని మహబూబ్ పేరు చెరిపేయాలనే మాట నాకు నచ్చదు. దాని కింద ఈ ఊరి నూటముప్పై ఏళ్ల బతుకుంది.

కేంద్రాలు మారడం ఈ గడ్డకు కొత్త కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల రాజధాని పానగల్లు ఇప్పుడు నల్లగొండ పట్టణంలో కలిసిపోయింది. నాగర్‌కర్నూల్ కథ మాత్రం ఇంకోలా నడిచింది. అక్కణ్నుంచి పోయిన జిల్లా కచేరీ 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాతో పాటు తిరిగొచ్చింది.