బండి వెనుక కూర్చుండువారి మాట



ఇంటి జమాఖర్చుల పుస్తకమున పాలకు, బియ్యమునకు, మందులకు, బడి రుసుమునకు మేము వేఱువేఱు గదులు గీసికొందుము. మోటారుసైకిలు ఖర్చునకును ఒక గది కలదు. పెట్రోలు, ఇంజను నూనె, గొలుసు, టైరు, బీమా అన్నియు అందు చేరును. మొన్న పాత పుస్తకములు తిరుగవేసి చూడగా, ఆరు సంవత్సరములలో ఒక్కమారైనను ఆ గదిలో ముందు ఫోర్కు నూనె యనుమాట కానరాలేదు. ఆ లేని మాటయే నిరుడు మాఘమాసమున మా ఎడమచేతి మణికట్టు విఱుగుటకు కారణమయ్యెను.

బండి మరమ్మతు మగవారి పని, ఆడువారి పత్రికలో దీని ప్రసంగమేల అని కొందఱనవచ్చును. బండిని నడుపువారు వారే కావచ్చును గాని వెనుక చక్రముపై కూర్చుండునది మనము. గుంతలో పడిన చక్రపు దెబ్బ మొదట తగులునది మన వెన్నెముకకు. కావున ఈ మాట మనమే యెత్తవలెనని మా యభిప్రాయము.

మా బత్తలపల్లి బాటల కూడలి. అనంతపురము నుండి కదిరికి పోవు రహదారియు ధర్మవరపు బాటయు ఇచ్చట కలియును. ప్రొద్దు పొడిచినది మొదలు పాలక్యానులతో, పట్టుచీరల మూటలతో మోటారుసైకిళ్లు సాగుచునే యుండును. ఇచ్చటి ఆర్.డి.టి. వారి ఆసుపత్రికి చుట్టుప్రక్కల పల్లెలనుండి నిండుచూలాండ్రను సైతము బండి వెనుక నెక్కించుకొని వచ్చుచుందురు. ఈ సీమలో వర్షము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లే గాన తక్కిన దినములన్నియు దుమ్మే. రహదారి నునుపుగానే యుండును. దానిని విడిచి పల్లెబాట పట్టినప్పుడు కంకఱ, గుంతలు, ఇంటికొకటిగా వేసికొన్న మిట్టలు ఎదురగును.

మా వారు పొరుగూరి పాఠశాలకు దినమునకు నలుబది కిలోమీటర్లు పోయి వచ్చుచుందురు. బండి 52 వేల కిలోమీటర్లు తిరిగినది. మూడు నాలుగు మాసముల కొకమారు సర్వీసు తప్పక జరుగుచునే యుండెను. నూనె మార్చిరి, గొలుసు బిగించిరి, కడిగి మెఱయజేసిరి. అడుగనిదే ఫోర్కు జోలికి ఎవ్వరును పోరని మాకు నాడు తెలియదు.

గుర్తులు లేకపోలేదు. ఏడాదిగా బండి దిగినప్పుడెల్ల మాకు నడుము పట్టివేయుచుండెను; వయసు వచ్చినదనుకొంటిమి. మిట్ట దాటినప్పుడెల్ల క్రింద ‘దబ్బు’మని చప్పుడగుచుండెను, మిట్ట పెద్దదనుకొంటిమి. చీరె కుచ్చెళ్ల అంచున నల్లని జిడ్డు మరకలు పడుచుండగా గొలుసు నూనె యనుకొని సున్నిపిండితో రుద్దితిమి. అది గొలుసుది కాదు. వెనుక షాక్ అబ్సార్బరు పగిలిన సీలునుండి కారిన నూనె. ముందు ఫోర్కు గొట్టముపై జిడ్డును చూచి మా వారు దగ్గఱి మెకానిక్కునకు చూపిరట. “ఏం గాదు సార్, ఇంకా ఆర్నెల్లు తోలొచ్చు” అని అతడనెనట. అతనిని మాత్రమే తప్పు పట్టనేల? మేమును అడిగితిమి కాము.

నాడు మా యాడుబిడ్డ కూతురి పెండ్లికి చీరెలు తెచ్చుటకై ధర్మవరము పోతిమి. వారును, మేమును, నడుమ ఎనిమిదేండ్ల చిన్నది, మా యొడిలో చీరెల మూట. తిరిగి వచ్చునప్పుడు మునిమాపు వేళ మలుపులో గొఱ్ఱెలమంద అడ్డము వచ్చెను. వారు ముందు బ్రేకు పట్టిరి. ఫోర్కునుండి కారిన నూనె బ్రేకు పళ్లెముపైకి ప్రాకి యుండుటచే అది పట్టలేదు. కంగారున వెనుక బ్రేకు గట్టిగా త్రొక్కిరి. సత్తువ తీరిన స్ప్రింగులపై వెనుక చక్రము గతుకుగతుకునకు ఎగిరి, నేలను అంటీయంటక జాఱి, బండి ప్రక్కకు ఒఱిగెను. చిన్నది మాపై పడినది గనుక దానికి గీఱుకొనుట తప్ప వేఱు దెబ్బ తగులలేదు. మా చేయి మాత్రము క్రింద నలిగెను. గొఱ్ఱెలు తమ త్రోవను తాము పోయినవి.

ఆరువారములు పిండికట్టు. చపాతిపిండి పిసుకుటకైనను అత్తగారిని పిలువవలసి వచ్చెను. ఆ తీరికలోనే ఈ విషయము కొంత తెలిసికొంటిమి.

పెద్దలు చెప్పు కథలో, దశరథుడు యుద్ధము చేయుచుండగా రథచక్రపు శీల ఊడిపోవుట కనిపెట్టి కైకేయి తన చేతినే దానికి బదులుగా నుంచెను. రాజు ముందు చూచుచుండెను. చక్రపు సంగతి ప్రక్క నున్న ఆమెకు తెలిసెను. మా వారికి బండి చెడిన సంగతి నిజముగా తెలియదు. దినదినము చూచు బిడ్డ ఎదుగుట తల్లికి తెలియనట్లు, దినదినము నడుపువానికి స్ప్రింగుల సడలిక తెలియదు. గుంతను కంటితో చూచును గనుక అతని శరీరము ముందే సిద్ధపడును. వెనుక నున్న మనకు గుంత కనబడదు, తగులును.

స్ప్రింగు దెబ్బను మ్రింగును గాని ఊరకుండదు. తొట్టెవలె పైకి క్రిందికి ఊగుచునే యుండును. ఆ ఊపు నాపుటకే లోపల నూనె. గొట్టములో నూనె చిన్న చిల్లులగుండ పోవలసి యుండుటచే కదలిక మెల్లనై, దాని వేగము వేడిగా మాఱి అణగును. మురుకుల గొట్టము త్రిప్పిన మనకు ఇది చెప్పనక్కఱలేదు. పిండి గట్టిగా నున్న బిళ్ల చిల్లులనుండి మెల్లగా దిగును, చేతికి బరువు తెలియును, పలుచనైన జాఱిపోవును. ఫోర్కు నూనెయు అంతే. ఏండ్ల తరబడి వాడగా పలుచబడును, ఇనుపపొడి చేరును, తడి చేరును. అప్పుడు స్ప్రింగును పట్టి యాపువాడు లేడు. చక్రము నేలను వీడి యెగురుచుండును. నేలను తాకని చక్రమునకు బ్రేకు ఎంత మంచిదైనను ఏమి ప్రయోజనము? ఇది నడుము సౌఖ్యపు ప్రసంగము మాత్రమే కాదని గ్రహింపగలరు.

ఈ యేర్పాటు వచ్చి తొంబది యేండ్లైనది. 1935లో జర్మనీ దేశపు బి.ఎమ్.డబ్ల్యు. వారు నూనెతో అణచెడి గొట్టపు ఫోర్కును అమ్మకపు బండ్లకు అమర్చిరి. ఆ కాలపు బండ్లలో పెక్కింటికి వెనుక చక్రమునకు స్ప్రింగులే లేవు. నడుపువాని పీట క్రింద మాత్రముండెను! వెనుకవారి గతి యేమో. 1949 నాటి బుల్లెట్టుకు వెనుకప్రక్క ఊగెడు చేయియు షాక్ అబ్సార్బర్లును వచ్చినవి. పిమ్మట ఆ బండ్లు మద్రాసుననే తయారైనవి.

కట్టు విప్పిన పిమ్మట ధర్మవరమున వేఱొక మెకానిక్కు కడకు మేముకూడ పోయి, బల్లపై కూర్చుండి చూచితిమి. ఫోర్కు కాళ్లు విప్పి వంచగా కాటుక కడిగిన నీళ్లవంటిది కొంచెము కారెను. సగము ముందే కారిపోయినదట. కొత్త నూనె తేటగా తేనెవలె నుండెను. పుస్తకమున నున్న కొలత ప్రకారము రెండు కాళ్లకును సమానముగా పోసెను. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ కారాదట. కారుచున్న ప్రక్క సీలు మాత్రమే మార్చుదునని అతడనగా, రెండును ఒకనాడు పుట్టినవే, రెండును మార్చుమంటిమి. వెనుకవి మూతవేసిన రకము. విప్పి బాగుచేయుటకు వీలులేదు. వానిని జతగా మార్చవలసివచ్చెను. బ్రేకు పలకలు నూనె త్రాగినవి గాన అవియు పోయినవి. మొత్తము 3,400 రూపాయలు. కొత్త గదిలో ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి. ముందే చేయించి యుండిన సీళ్లు, నూనె, కూలితో ఏడెనిమిది వందలకు తీరెడిదట.

ఇప్పుడు మాసపు మొదటి ఆదివారము ఇంటి ముందఱ పరీక్ష. మా వారు ముందు బ్రేకు పట్టి హ్యాండిలును బలముగా క్రిందికి నొక్కి విడుతురు. ముందుభాగము లేచి ఒక్కసారిగా నిలువవలెను. రెండు మూడుమార్లు ఊగినచో నూనె పని ముగిసినదన్నమాట. చిన్నది ప్రక్కన నిలిచి ఊపులు లెక్కించును. వెనుక పీటకును ఇట్లే. తరువాత మెఱుగు గొట్టముపై వ్రేలు రాచి చూతుము: దుమ్మైన సరే, నూనె జిడ్డు కారాదు. ఆ గొట్టముపై తుప్పుచుక్క గాని రాతిదెబ్బ గాని యున్న అది సీలును రంపమువలె కోయును గనుక బురద పడిన నాడే తడిగుడ్డతో తుడుచుట మేలు. నీటి పిచికారీని సీలుపై గుఱిపెట్టి కొట్టుట కూడదు. నడిమి స్టాండు వేసి వెనుక చక్రమును ఇటునటు కదపగా లొటలొటలాడినచో ఊగెడు చేతి బుష్షులు అరిగినవని అర్థము. నూనె మార్పునకు బండితో వచ్చిన పుస్తకమున నున్న లెక్కయే ప్రమాణము. మా బాటల దుమ్మునకు 15 వేల కిలోమీటర్లు గాని రెండేండ్లు గాని, ఏది ముందైన అదియని మేము గీత గీసికొంటిమి.

వెనుక స్ప్రింగుల మొదట మెట్లవంటి గాడులుండును. ఒంటరిగా పోవునాడు క్రింది మెట్టు, వెనుక మనముండునాడు పై మెట్టు. రెండు ప్రక్కలను ఒకే మెట్టుండవలెను. దానికి కొక్కెమువంటి రెంచి బండితోనే వచ్చును. మాది ఆరేండ్లు సంచి విప్పకయే పడియుండెను.

ఇంకొక తప్పును ఒప్పుకొనవలెను. మా బండి పుస్తకమున మోయదగిన బరువు 130 కిలోలని యున్నది. వారు 68, మేము 59, చిన్నది 24. మూట లేకయే 151. నడుపువానితోపాటు ఒక్కరినే ఎక్కించుకొనవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. చట్టము పోలీసువారి కొఱకనియే మేమనుకొంటిమి. స్ప్రింగు కూడ చదువుకొన్నదని తెలియలేదు. ఇప్పుడు ముగ్గురము పోవలసిననాడు బస్సు ఎక్కుచున్నాము. చిన్నదానికి ఇది నచ్చుట లేదు.

మా వీధిలో ఒక అమ్మాయికి ఏడవమాసము. పరీక్షలకు ఆమెను భర్త బండిపై ఆసుపత్రికి తీసికొనిపోవుచుండెను. మొన్న వారి బండి మా గడప ముందాగినప్పుడు ఊరకుండలేక ఫోర్కు గొట్టముపై వ్రేలు రాచితిమి. వ్రేలు నల్లనయ్యెను. “శెనక్కాయలు అమ్మినాంక చేపిస్తా పెద్దమ్మా” అని అతడనెను. మేము మణికట్టు చూపితిమి. ఇప్పటికిని అది పూర్తిగా వంగదు. అతడేమియు పలుకలేదు. మఱునాటి సాయంకాలము అమ్మాయియే వచ్చి, మంగళవారమునకు మెకానిక్కునకు చెప్పినారని తెలిపిపోయినది. అంతవరకు ఆమె ఆటోలో పోవుచున్నది.