మత్తు డాక్టరుకు చెప్పవలసిన మాట

గుండె ఆపరేషన్ అనగానే అందరి భయమూ కత్తి మీదే ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీద రక్తపోటు హఠాత్తుగా పడిపోవడానికి ఒక్కోసారి మందులే కారణమవుతాయని చాలామందికి తెలియదు. మా సదుం వైపు నుంచి తిరుపతి స్విమ్స్‌కో, రాయవేలూరు ఆస్పత్రికో బయలుదేరేవారు నన్ను అడిగేది ఖర్చు గురించి, రక్తదాతల గురించి. నేను మాత్రం ముందు మందుల సంచి చూపమంటాను.

గుండెను ఆపి, యంత్రంతో రక్తప్రసరణ సాగించేటప్పుడు గొట్టాలలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. పని ముగిశాక దానికి విరుగుడు ఇవ్వకపోతే రక్తస్రావం ఆగదు. ఆ విరుగుడు ప్రోటమిన్. సాల్మన్ వంటి చేపల వీర్యం నుంచి తీసిన మాంసకృత్తి అది. వేగంగా ఎక్కిస్తే రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు కూలిపోతుంది. అందుకే 10 నిమిషాలలో 50 మిల్లీగ్రాములు మించకుండా, తెర మీది అంకెలను గమనిస్తూ నెమ్మదిగా ఇస్తారు. అది వైద్యుల జాగ్రత్త.

రోగి వంతు వేరే ఉంది. 1936లో డెన్మార్క్ వైద్యుడు హాగెడార్న్ ఇదే ప్రోటమిన్‌ను ఇన్సులిన్‌తో కలిపి, దాని ప్రభావం ఎక్కువసేపు నిలిచేలా చేశాడు. అరచేతుల మధ్య దొర్లించి వాడే, పాలలా తెల్లగా ఉండే 30/70 ఇన్సులిన్‌లో నేటికీ అది ఉంది. ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరి శరీరం దానిపై ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. అలాంటివారికి ప్రోటమిన్ తీవ్రంగా వికటించవచ్చు. చేపలు పడనివారికి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న మగవారికి కూడా ఈ ముప్పు కొంత ఉంది. 1975-77 నాటి శిబిరాలలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవారు ఇప్పుడు గుండె జబ్బుల వయసులో ఉన్నారు. కొడుకు, కోడలు పక్కన ఉండగా ఆ మాట ఎవరు చెబుతారు? ఒంటరిగా ఉన్నప్పుడైనా చెప్పాలి.

వీరిలో ఎక్కువమందికి ఏమీ కాదు. భయపడి ఇన్సులిన్ మానవద్దు. ముందే తెలిస్తే డాక్టర్లు అడ్రినలిన్ వంటి మందులను చేతికందేలా ఉంచుకొని సిద్ధంగా ఉంటారు.

రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి బీపీ మాత్రల సంగతి కూడా అడగండి. ఆపరేషన్ రోజు ఉదయం వేసుకుంటే మత్తులో రక్తపోటు మరీ తగ్గవచ్చు. చివరి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో వైద్యులే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. సంచిలో నాటుమందు పొట్లం ఉంటే, దాన్నీ దాచకుండా చూపండి.