బంగారు గనులు – ప్రజాభిప్రాయము – మన భాష

బంగారమను మాట వినగనే ఇతర ప్రాంతములవారికి నగలు తలపునకు వచ్చును. కోలారు జిల్లాలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములవారికి నగలతోపాటు దిబ్బలును తలపునకు వచ్చును. బంగారు గనుల ఊరిలో బూడిదవన్నెతో నిలిచియున్న ఆ గుట్టలను మేము సైనైడు దిబ్బలందుము. గనినుండి పైకి తెచ్చిన రాతిని పిండిచేసి, సైనైడు ద్రావణముతో అందలి బంగారమును కరగించి తీసికొనగా మిగిలిన పొడియే ఆ దిబ్బలు. టన్ను రాతికి లభించు బంగారము కొలది గ్రాములే. తక్కినదంతయు నేలమీదనే నిలిచిపోవును. గాలి బలముగా వీచు దినములలో ఆ పొడి లేచి ఇండ్లలో పడుట ఆ ఊరివారందరెరిగిన సంగతియే.

జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల కంపెనీ ఇచ్చట 1880లో పని ప్రారంభించెను. 1956లో మైసూరు ప్రభుత్వమును, 1962లో కేంద్ర ప్రభుత్వమును గనులను స్వాధీనము చేసికొనెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీతో పని నిలిచిపోయెను. నూట ఇరువది సంవత్సరములలో ఇంచుమించు 800 టన్నుల బంగారము ఆ నేలనుండి వెడలిపోయినది. మిగిలిన పొడి 3 కోట్ల 30 లక్షల టన్నులని అంచనా. గనులు తెరచిననాడు చుట్టుపట్ల రైతును గాని కూలివానిని గాని పిలిచి వాని అభిప్రాయమడిగినవారు లేరు. అడుగవలెనను చట్టమును ఆనాడు లేదు.

నేడు చట్టము కలదు. పర్యావరణ అనుమతుల విషయమై కేంద్ర ప్రభుత్వము 1994లో ప్రకటన వెలువరించి, 1997 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణను అందు నిర్బంధము చేసెను. 2006 సెప్టెంబరు 14వ తేదీన వెలువడిన ప్రకటన ఆ పద్ధతిని వివరముగా నిర్ణయించినది. సభకు కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. గని వలన కలుగు మంచిచెడ్డల నివేదికను, దాని సంగ్రహమును ప్రజలు చూచుటకు వీలుగా ఉంచవలెను. సభ గని స్థలమునందో దాని సమీపముననో జరుగవలెను. జిల్లా మేజిస్ట్రేటుగాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారిగాని అధ్యక్షత వహింపవలెను. హాజరైన ప్రతివానికిని అడుగుటకు అవకాశమీయవలెను. సభాంతమున జరిగిన విషయముల సంగ్రహమును స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. సభకు రాలేనివారు తమ అభిప్రాయమును వ్రాతమూలకముగా పంపవచ్చును.

ఇది వోటు కాదని మొదట గ్రహింపవలెను. ఒరిస్సాలోని నియమగిరి సంగతి మనలో కొందరికి తెలియును. 2013లో సుప్రీంకోర్టు ఆదేశము ననుసరించి రాయగడ, కలహండి జిల్లాలలోని పండ్రెండు గ్రామసభలు బాక్సైటు గనిని ఏకగ్రీవముగా నిరాకరించెను. అది అటవీహక్కుల చట్టము క్రింద జరిగినది. పర్యావరణ ప్రకటన క్రింద జరుగు సభలో చేతులెత్తించి లెక్కించుట యుండదు. వేయిమంది "వద్దు, వద్దు" అని కేకలు వేసినను, వేయిమంది "కావలె, కావలె" అని చప్పట్లు కొట్టినను, కాగితము మీద మిగులునది ఒక పంక్తియే. కారణముతో చెప్పిన మాట, సర్వే నంబరుతో చెప్పిన మాట అట్లు కాదు. అడిగిన ప్రతి విషయమునకును గని పెట్టదలచినవారి సమాధానమును జతపరచి పైకి పంపవలెనని నియమము.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకు మాత్రమే చదివినవాడను. ముప్పది సంవత్సరములకు పైగా గుమాస్తాగా ఇన్‌వార్డు రిజిస్టరు వ్రాసితిని. ఆ ఉద్యోగము వలన నాకు తెలిసినది ఒక్కటే: నోటితో చెప్పిన దానికి నంబరు పడదు, నంబరు పడనిదానికి జవాబు రాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా జిల్లాలో ఒక రాతిగనిని విస్తరించు విషయమై జరిగిన సభకు వెళ్ళియుంటిని. వక్తలు కొందరు కన్నడములోను, కొందరు ఇంగ్లీషులోను మాటలాడిరి. చివర ఒక అవ్వ లేచి మా ప్రాంతపు తెలుగులో, "అయ్యా, ముందు గని పెట్టినాంక మా బాయి ఎండిపాయె. ఇంగొకటి పెడితే మేము నీళ్ళకు యాడికి పోవాల?" అని అడిగెను. కూర్చున్న తావుననే బావి యున్న చేను, ఎండిన సంవత్సరము కూడ చెప్పెను. సంగ్రహము చదివినప్పుడు అందు "ఒక మహిళ నీటి విషయము ప్రస్తావించిరి" అని మాత్రమే యుండెను. నేను లేచి, ఆమె చెప్పిన చేను, సంవత్సరము, ప్రశ్న చేర్పవలసినదని మనవి చేసితిని. అధ్యక్షులు సహృదయులు, వెంటనే చేర్పించిరి. తరువాత వచ్చిన అనుమతిలో చుట్టుపట్ల బావుల నీటిమట్టము కాలానుసారముగా కొలువవలెనను షరతు కనబడెను. అవ్వ బావికి నీరు తిరిగి రాలేదు. కాని పొరుగు చేలవారు ఆ కొలతలను అడుగుటకు ఒక ఆధారమేర్పడినది.

మనవంటివారి చిక్కు ఇచ్చటనే యున్నది. మన తల్లిభాష ఒకటి, రాష్ట్రభాష మరియొకటి, నివేదిక భాష ఇంకొకటి. కన్నడము మనకు పరభాష కాదు. అది మన బడిభాష, అంగడిభాష. అయినను పెద్దలు తమ కష్టమును చెప్పుకొనునది తెలుగులోనే. రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, కేంద్రమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను తన కష్టమును గూర్చి అధికారికి విజ్ఞాపన మిచ్చుకొను హక్కు ప్రతివానికిని కలదు. 2020లో పర్యావరణ ప్రకటనకు క్రొత్త ముసాయిదా వెలువడినపుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోనికి అనువదింపవలెనని ఢిల్లీ హైకోర్టు ఆ సంవత్సరము జూన్ 30వ తేదీన ఆదేశించెను. ఆ ముసాయిదాలో నోటీసు గడువును 30 దినములనుండి 20 దినములకు తగ్గింపజూచిరి. భాష తెలియనివానికి ఆ పది దినముల విలువ యెంతయో చెప్పనక్కరలేదు.

ఈ మాటలు ఇప్పుడు వ్రాయుటకు కారణము కలదు. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గము కోలారు గనుల ఊరిలోని 13 దిబ్బలను వేలము వేయుటకు కేంద్రము చేసిన ప్రతిపాదనకు సమ్మతించినది. ఆ పొడిలో ఇంకను కొంత బంగారము కలదు. సరిహద్దున కావల కర్నూలు జిల్లా జొన్నగిరిలోను బంగారు గని వెలసినది. పని లేక దినము రైలులో బెంగుళూరికి పోయివచ్చు గనుల ఊరి పిల్లలను చూచినవాడు గని వద్దని తేలికగా అనలేడు. నేనును అనను. అయితే అడుగవలసినవి అడుగవలెను. సైనైడు కలిసిన నీటిని ఎచ్చట నిలుపుదురు? ఆ చెరువు అడుగున ఏమి పరతురు? ప్రేలుళ్ళకు ఇంటిగోడ పగిలిన ఎవరు చూతురు? పని ఊరివారికెంత? గని మూసిన తరువాత దిబ్బను కాపాడువా రెవరు, సొమ్మెచ్చటిది? రొమేనియా దేశమున బయా మారే వద్ద 2000 జనవరి 30వ తేదీన అట్టి చెరువు కట్ట తెగి, లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీరు నదులలో కలిసి, డాన్యూబు వరకు పోయెను. కాబట్టి ఈ ప్రశ్నలు పిరికివాని ప్రశ్నలు కావు.

మన సంఘములకు నాదొక విన్నపము. ఉగాదికి పద్యములు చదివించుట, పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుట ఎట్లు మన విధియో, ఇదియు నట్లే విధి. ఏ ఊరిలోనైనను గనికి సభ ప్రకటింపబడినచో, నివేదిక సంగ్రహమును తెలుగులో చదివి చెప్పుటకు ఒక యువకుని నియమింపుడు. పెద్దలు చెప్పు మాటలను తెలుగులో వ్రాయించి, క్రింద కన్నడ ప్రతిని జతచేసి, రెండు కాపీలిచ్చి, ఒకదానిపై ముద్ర వేయించి తీసికొనుడు. హాజరు పట్టీలో చేవ్రాలు చేయుడు. సంగ్రహము చదువువరకు లేవకుడు. భోజనమునకు వేళ మించినను సరే. అనుమతి అన్యాయమని తోచినచో 2010 నాటి చట్టము క్రింద ఏర్పడిన హరిత ట్రిబ్యునలునకు 30 దినములలోగా అప్పీలు చేసికొనవచ్చును. దాని దక్షిణ ప్రాంత పీఠము మదరాసులోనే యున్నది.

మన తాతలను ఎవరును అడుగలేదు. మనల నడుగుచున్నారు. జవాబు వ్రాసి ఇచ్చుట మన వంతు.