తవ్వేసిన దేశం
ప్రపంచంలోకెల్లా చిన్న గణతంత్రమైన నౌరు ముందు తన మట్టిని అమ్ముకుంది. అది అయిపోయాక, దేశంగా ఉండటమే దానికి సరుకైంది

నౌరును చుట్టి రావడానికి కారులో అరగంట చాలు. తీరం వెంబడి సాగే రహదారి పొడవు 19 కి.మీ. దారి పొడవునా కొబ్బరిచెట్లు, ఇళ్లు, చర్చిలు, ఒకచోట విమానాశ్రయం రన్‌వే, దానికి ఎదురుగానే పార్లమెంటు భవనం. చూస్తుండగానే బయల్దేరిన చోటికే వచ్చేస్తారు. మధ్యలో రాజధాని తగల్లేదే అనుకోనక్కర్లేదు. ఈ దేశానికి అధికారికంగా రాజధాని అంటూ లేదు. ప్రభుత్వ కార్యాలయాలు యారెన్ జిల్లాలో ఉంటాయి, అంతే.

పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉన్న ఈ దీవి విస్తీర్ణం 21 చదరపు కి.మీ. ఇంతకంటే చిన్న స్వతంత్ర దేశాలు వాటికన్, మొనాకో మాత్రమే. 2021 లెక్కల ప్రకారం జనాభా 12 వేల లోపు. మన దగ్గరైతే ఓ పెద్ద గ్రామ పంచాయతీతో సమానం. అయినా 14 జిల్లాలు, 19 మంది ఎంపీలు, వారు తమలోంచి ఎన్నుకునే అధ్యక్షుడు ఉన్నారు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో భారత్‌కు ఉన్నది ఒక ఓటు. నౌరుకూ ఒకటే.

తీరం వదిలి దీవి మధ్యకు ఎక్కితే దృశ్యం మారిపోతుంది. మట్టి కనిపించదు. నిలువెత్తు సున్నపురాయి మొనలు, వాటి మధ్య లోతైన గుంతలు. సేద్యానికి పనికిరాదు, ఇల్లు కట్టడానికీ వీలుకాదు. దీవిలో ఐదింట నాలుగు వంతులు ఇంతే.

ఈ కథకు మూలం సిడ్నీలోని ఓ ఆఫీసులో తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టిన రాయి. నౌరు నుంచి తెచ్చిన ఆ రాయిని అంతా రాయిగా మారిన కలప అనుకున్నారు. అక్కడి ఉద్యోగి ఆల్బర్ట్ ఎల్లిస్‌కు అనుమానం వచ్చి పరీక్షించగా మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. అది 1900 ప్రాంతం. 1888 నుంచీ జర్మనీ ఏలుబడిలో ఉన్న దీవి నుంచి 1907లో ఎగుమతులు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ చేజారిన దీవి, నానాజాతి సమితి ఆమోదంతో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి పెత్తనంలోకి వచ్చింది. నౌరు ఫాస్ఫేట్ ఆ దేశాల రైతులకు మార్కెట్ ధర కంటే చౌకగా అందింది. నేల సొంతదారులకు దక్కింది నామమాత్రపు రాయల్టీ.

ఈ దీవి మీద మనుషులు మిగలడమే ఒక విశేషం. 1920లో ఇన్‌ఫ్లూయెంజా జనాన్ని తుడిచిపెట్టాక, జాతి నిలవాలంటే కనీసం 1,500 మంది ఉండాలని లెక్క కట్టారు. 1932లో ఆ సంఖ్యకు చేరిన రోజే అక్టోబరు 26. నౌరు వాసులు దాన్ని నేటికీ 'అంగమ్' పండుగగా జరుపుకొంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆక్రమించిన జపాన్ 1,200 మందిని ట్రక్ దీవులకు తరలించింది. 1946 జనవరి 31న తిరిగొచ్చింది 737 మందే. 1968లో స్వాతంత్య్రానికి ఎంచుకున్న తేదీ కూడా జనవరి 31.

దానికి ముందే ఓ కీలక ఘట్టం ఉంది. ఫాస్ఫేట్ అయిపోతే దీవి నివాసానికి పనికిరాదని, అందరూ వచ్చి క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవిలో స్థిరపడాలని ఆస్ట్రేలియా ప్రతిపాదించింది. భూమి ఇస్తామంది, పౌరసత్వం ఇస్తామంది. సార్వభౌమాధికారం మాత్రం కుదరదంది. హామర్ డిరోబర్ట్ నాయకత్వంలో నౌరు 1964లో దాన్ని తోసిపుచ్చింది. మంచి నేలకూ సొంత జెండాకూ మధ్య వారు జెండాను ఎంచుకున్నారు. ఆయనే తొలి అధ్యక్షుడయ్యారు.

కొత్త ప్రభుత్వం 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించి 1970లో గనులను సొంతం చేసుకుంది. తలసరి ఆదాయంలో నౌరు ప్రపంచంలోనే పైవరుసకు ఎగబాకింది. ఆదాయపు పన్ను లేదు. సొంత విమానయాన సంస్థ వచ్చింది. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ లేచింది. పక్షి రెట్టల గోపురమంటూ స్థానికులు దాన్ని ఎగతాళి చేశారు. ఆ డబ్బు మన దాకా కూడా వచ్చింది. ఒడిశాలోని పారాదీప్ ఫాస్ఫేట్స్ 1981లో మొదలైంది భారత ప్రభుత్వం, నౌరుల ఉమ్మడి సంస్థగానే. 1993లో నౌరు తప్పుకుంది.

అదే ఏడాది లండన్‌లో నౌరు సొమ్ముతో లియొనార్డో డావిన్సీ మీద తీసిన సంగీత నాటకం చతికిలపడింది. ఇలాంటి పెట్టుబడులకు తోడు అప్పులు పెరిగాయి, గనులు తరిగాయి. 2004లో నౌరు హౌస్ చేయి దాటింది. 2005లో మిగిలిన ఒక్క విమానాన్నీ అప్పుల వాళ్లు పట్టుకుపోయారు.

నేలకు జరిగిన నష్టం మీద పోరాటం మాత్రం ఫలించింది. శ్రీలంక న్యాయకోవిదుడు సి.జి. వీరమంత్రి అధ్యక్షతన నౌరు నియమించిన కమిషన్ ఆ నష్టాన్ని నమోదు చేసింది. 1989లో నౌరు ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది. 1993లో ఆస్ట్రేలియా 10.7 కోట్ల డాలర్లకు రాజీపడింది.

మట్టి అయిపోయిన దేశం దగ్గర మిగిలింది దేశమన్న హోదా ఒక్కటే. అదే అమ్మకానికి వచ్చింది. 1990లలో విదేశీ బ్యాంకులకు లైసెన్సులు, పరాయివారికి పాస్‌పోర్టులు ఇచ్చింది. నల్లధనం చలువ చేసే దేశమని 2002లో అమెరికా ముద్ర వేసింది. 2001లో టాంపా అనే నార్వే నౌక కాపాడిన శరణార్థులను, వారిలో ఎక్కువమంది అఫ్ఘాన్లు, ఆస్ట్రేలియా తన గడ్డపై దిగనివ్వలేదు. వారిలో చాలామందిని నౌరు శిబిరంలో ఉంచింది. అందుకు నౌరుకు సాయం ముట్టింది. తైవాన్‌ను వదిలి 2002లో చైనాను గుర్తించింది. 2005లో మళ్లీ తైవాన్, 2024లో మళ్లీ చైనా. 2025 ఆగస్టులో ఆస్ట్రేలియాతో మరో ఒప్పందం. వీసా రద్దయి, పంపే చోటు లేని వారిని తీసుకున్నందుకు ముందుగా 40.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు, ఆపై ఏటా 7 కోట్లు.

దీన్ని దిగజారుడు అనడం తేలిక. కానీ ఆ శిబిరాలు కోరింది ఎవరు, గుర్తింపు కోసం బేరమాడింది ఎవరు అన్న ప్రశ్న కూడా ఉంది. ఏ అమ్మకానికైనా కొనేవాడు ఉండాలి. శిబిరంలో ఏళ్లు గడిపిన శరణార్థికి మాత్రం ఈ బేరంలో నోరు లేదు.

సముద్రం పెరుగుతుండటంతో ఇప్పుడు తీరప్రాంత జనం ఎత్తయిన చోటికి మారాల్సి వస్తోంది. జనాభాలో 90 శాతాన్ని తరలించాలన్నది ప్రభుత్వ అంచనా. నిధుల కోసం 2025లో కనీసం 1.05 లక్షల అమెరికన్ డాలర్లకు పౌరసత్వం అమ్మడం మొదలుపెట్టింది. ఎత్తయిన చోటు అంటే గనులు తవ్విన దీవి మధ్యభాగమే. కర్టిస్ దీవిని కాదన్న వారి మనవలు ఇక కాపురం ఉండాల్సింది అక్కడే. ముందు ఆ రాతి మొనలను చదును చేయాలి. పైన పోయడానికి మట్టి వెతకాలి.