భద్రాద్రి దారిలో బొబ్బలు

తిరుమలాయపాలెం మా అత్తవారి ఊరు. మా ఆవిడ జబ్బు నయమైతే అక్కడినుంచి భద్రాచలం నడిచి వెళ్తానని మొక్కుకున్నాను. కిందటేడు శ్రీరామనవమికి ఆ ఊరి జనంతో బయలుదేరాను. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి గదా అని కొత్త కాన్వాసు బూట్లు కొన్నాను. "పాతవే వేసుకో బావా" అని మా బావమరిది చెప్పినా వినలేదు. ఎమ్మే చదివినవాడికి నడక ఒకరు నేర్పాలా?

ఖమ్మం చేరేదాకా సంబరమే. వైరా దారిలో ఎండకు తాళలేక బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, తడి ఆరకుండానే మేజోళ్ళు తొడిగాను. కాసేపటికి మడమ చురుక్కుమంది. ఆగితే నవ్విపోతారని ఆగలేదు. తల్లాడ చేరేసరికి రెండు మడమలమీదా రూపాయి బిళ్ళలంత బొబ్బలు! మాతో నడిచే ముసలి రైతు ఒకాయన నన్ను బస్సెక్కిస్తూ, "సారూ, సురుక్కుమన్నప్పుడే ఆగాలె. బొబ్బ లేసినంక ఆగితే ఏం ఫాయిద?" అన్నాడు. మొక్కు సగంలోనే నిలిచిపోయింది.

ఆయన మాటలో శాస్త్రమే ఉంది. అడుగుపడ్డప్పుడల్లా లోపలి ఎముక కదులుతుంది. చెమటకు నానిన చర్మం మేజోటికి అతుక్కుని కదలదు. ఆ సాగుడుకు చర్మంలోని పొరలు విడిపోయి, నడుమ నీరు చేరుతుంది. బొబ్బే గదా అనుకోకండి. 1924లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జి పదహారేళ్ళ కొడుకు మేజోళ్ళు లేకుండా టెన్నిస్ ఆడితే కాలివేలికి బొబ్బ లేచింది. అది చీముపట్టి, విషం నెత్తురుకెక్కి, ఆ పిల్లవాడు పోయాడు. అప్పటికి పెన్సిలిన్ లేదు. అందుకే బొబ్బను చిదమకుండా శుభ్రంగా కట్టుకట్టాలి. మధుమేహం ఉన్నవారు వెంటనే వైద్యుడికి చూపించుకోవాలి.

ఈ యేడు పాత బూట్లే వేసుకున్నాను. మందుల దుకాణంలో చవకగా దొరికే పేపర్ టేపు మడమలకు ముందే ముడతలు లేకుండా అంటించాను. సుమారు 250 కిలోమీటర్ల పరుగుపందాల్లో 128 మందికి ఈ టేపు వేసి చూసిన అమెరికా వైద్యులు, అంటించినచోట బొబ్బలు నూటికి నలభై పాళ్ళు తగ్గాయని 2016లో ప్రకటించారు. చెమట పట్టినప్పుడల్లా కాళ్ళు తుడుచుకుని, ఆరనిచ్చి, పొడి మేజోళ్ళు మార్చాను. జూలూరుపాడు దగ్గర ఒకసారి చురుక్కుమంటే, నవ్వేవాళ్ళను నవ్వనిచ్చి, చెట్టుకింద కూర్చుండిపోయాను.

కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వంతెన చేరాను. ముందుగా బస్సులో వచ్చిన మా ఆవిడ అక్కడ నిలబడి ఉంది. నా ముఖం చూడలేదు; ముందు మడమలు చూసింది.