పెద్ద ఆసుపత్రికి ప్రయాణసన్నాహము

రాచపుండు అను మాటను మన పెద్దలు ఇంటిలో బిగ్గఱగా పలుకరు. ఇప్పటివారు కాన్సరు అందురు, అదియును లోగొంతుకతోనే. పేరు పలికినంతనే వ్యాధి విని వచ్చునేమో యన్నట్లు "ఆ జబ్బు" అని సగము నోటితోను, తక్కిన సగము కన్నులతోను చెప్పుదురు. మొన్న మాఘమాసమున మా వదినగారికి ఆ జబ్బే యని నెల్లూరిలో వైద్యులు తేల్చిరి. రొమ్మున చిన్న గడ్డ, నొప్పి లేదు. నొప్పి లేదు గనుకనే నాలుగు నెలలు ఎవ్వరితోను చెప్పక దాచిరి. కుమార్తెకు సంబంధము కుదిరియున్నది, వైశాఖములో పెండ్లి. ఈ సమయమున తల్లికి వ్యాధి యను మాట పొక్కిన సంబంధము చెడునేమో యని వారి భయము. సోదరీమణులారా, ఇట్టి భయము మన యిండ్లలో ఎందఱు తల్లుల నోరు కట్టివేసినదో మీ రెఱుగనిది కాదు. రొమ్మున పుట్టు ఈ వ్యాధి మొదట సాధారణముగా నొప్పి పెట్టదు. అదియే దాని కపటము.

సూదితో ముక్క తీసి పరీక్షించి, అడయారులోని కాన్సరు ఇన్‌స్టిట్యూటునకు పొండని వైద్యులు వ్రాసియిచ్చిరి. నెల్లూరినుండి చెన్నపట్టణమునకు రైలుమీద రమారమి మూడు గంటలు. సూళ్లూరుపేట దాటిన కొంతసేపటికి అరవ అక్షరములు కనబడును. దూరము చిన్నదే. కాని దానికై మేము చేసిన సన్నాహమునకు ఐదు దినములు పట్టినది. ఆ యైదు దినముల సంగతియే యిచ్చట వ్రాయుచున్నాము.

మొదటి రాత్రి ఇంటిలో సభ కూడినది. మా అమ్మగారు, అన్నగారు, పినతండ్రిగారు, మేము. రోగికి నిజము చెప్పవలెనా, వద్దా యనునది ప్రశ్న. పినతండ్రిగారు వద్దనిరి. గడ్డ తీయించుటకు పోవుచున్నామని చెప్పిన చాలును, ధైర్యము చెడిన మందు పనిచేయదు అని వారి వాదము. అన్నగారు నేలచూపులు చూచుచు కూర్చుండిరి. మా అభిప్రాయము వేఱు. ఆసుపత్రి గుమ్మముపైననే ఆ మాట పెద్ద అక్షరములతో వ్రాసియుండును. చదువు వచ్చిన మనిషిని కన్నులు మూసి లోనికి తీసికొనిపోవుదుమా? పైగా శస్త్రచికిత్సకు ముందు రోగిచేతనే సమ్మతిపత్రముపై సంతకము చేయింతురు. దేనికి సమ్మతించుచున్నదో తెలియని సంతకము సంతకమగునా?

వాద మిట్లు సాగుచుండగా వదినగారు వంటింటినుండి మజ్జిగ గ్లాసులు తెచ్చి అందఱి ముందు నుంచిరి. "ఆ కాగితము మీ యందఱికన్న ముందు నేనే చదువుకొన్నాను. అర్థముకాని మాటలు అమ్మాయి ఫోనులో చూచి చెప్పినది. నా వెనుక గుసగుసలాడకండి, నాకు జబ్బుకన్న అదియే బాధ" అనిరి. సభ అంతటితో ముగిసినది. పినతండ్రిగారు మజ్జిగ త్రాగి వెడలిపోయిరి.

మఱునాడు కాగితముల పని. ఇంటిలో గొలుసుమూత గల మంచి సంచి ఒక్కటే యున్నది. దానిలో పెండ్లిపత్రికల నమూనాలు దాచియుంచిరి. వదినగారే వానిని తీసి బీరువాలో పెట్టి, ఖాళీ సంచి మా చేతికిచ్చిరి. తొలి వైద్యుని చీటి మొదలుకొని ప్రతి కాగితమును తేదీల వరుసను పేర్చితిమి. పైన తెల్లకాగితముమీద గడ్డ ఎప్పుడు కనబడినది, ఎప్పుడెప్పుడు ఏ పరీక్ష జరిగినది, పూర్వమున్న జబ్బులేమి, ఏ మందు పడదు అనునవి పది పంక్తులలో వ్రాసితిమి. రద్దీగల ఆసుపత్రిలో వైద్యునికి నలువది కాగితములు తిరగవేయు తీరిక యుండదు. ఆ పది పంక్తులు చూచును.

అన్నింటికన్న ముఖ్యమైనది కాగితము కాదు. తీసిన ముక్కను ప్రయోగశాలవారు మైనములో పోతపోసి చిన్న దిమ్మగా నుంతురు. దానినుండి సన్నని పొరలు కోసి గాజుపలకలపై అతికి, రంగువేసి, సూక్ష్మదర్శినితో చూతురు. దిమ్మను బ్లాకనియు, పలకలను స్లైడులనియు అందురు. పెద్ద ఆసుపత్రులవారు సాధారణముగా పరుల మాటపై నాధారపడక ఆ పలకలను తామే మరల చూతురు. వ్యాధికి హార్మోనులతో సంబంధమున్నదా, హెర్-2 అను మాంసకృత్తు మితిమీరి యున్నదా అను పరీక్షలును ఆ దిమ్మపైననే చేయవచ్చును. మందుల యెంపిక వానిపై నాధారపడియుండును. దిమ్మ చేతలేకున్న మరల సూది గ్రుచ్చవలసి రావచ్చును. మా అన్నగారు ప్రయోగశాలకు రెండుమాఱులు తిరిగి, అర్జీ వ్రాసియిచ్చి, సంతకము చేసి తెచ్చిరి. పలకలు పగులకుండ మేము వానిని నూలుగుడ్డలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టితిమి. సూది పొడిచిన వ్యాధి పాకునని పొరుగింటావిడ అప్పటికే చెప్పియుండెను. వైద్యులు ఆ మాట నొప్పుకొనరు. ఆమెయే వదినగారికి గ్లాసు వేఱుగా పెట్టుడనియు చెప్పినది. ఇది అంటువ్యాధి కాదమ్మా యని చెప్పి, ఆ గ్లాసుతోనే ఆమెకు కాఫీ ఇచ్చితిమి.

మందులన్నియు మూటగట్టితిమి. చక్కెరవ్యాధికి వేసికొనునవి, రక్తపుపోటుకు వేసికొనునవి సరియే. వానితోపాటు బంధువొకరు రహస్యముగా తెచ్చియిచ్చిన కషాయపు పొడియు బయటపడినది. వదినగారు సిగ్గుపడిరి గాని మేము దానినిగూడ సంచిలో వేసితిమి. నాటుమందైనను వైద్యునికి చూపవలసినదే. కొన్ని స్కానులకు ముందు నరములోనికి రంగుమందు నెక్కింతురు. దానికి మూత్రపిండముల స్థితి తెలియవలెను, చక్కెరమాత్రలలో కొన్నిటిని ఒకటి రెండు దినములు ఆపవలసి రావచ్చును. పెట్ స్కాను అనుదానికి ఇంచుమించు ఆఱు గంటలు ఉపవాసము, మంచినీళ్లు త్రాగవచ్చును. ఆ స్కానుకై ఎక్కించు మందునుండి కొన్ని గంటలవఱకు కిరణములు వెలువడుచుండును గాన, ఆ పూట పసిబిడ్డలు, గర్భిణులు రోగికి దగ్గఱగా నుండరాదు. మా పెద్దకోడలికి ఐదవ నెల. తానును వచ్చెదనని పట్టుపట్టినది; ఈ కారణము చెప్పి ఆపితిమి.

ఇక మంగళసూత్రము సంగతి. ఎమ్.ఆర్.ఐ. యను స్కాను చేయవలసి వచ్చిన, అది పెద్ద అయస్కాంతపు గొట్టము. ఒంటిమీద లోహమేదియు నుండరాదు. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, సూత్రములు అన్నియు తీయవలెను. ఈ మాట విన్నంతనే మా అమ్మగారు "నా కొడుకు బ్రదికియుండగా కోడలి మెడ బోసిపోవుటా?" అని మంచముమీద కూలబడిరి. ఎనుబది యేండ్ల మనిషికి అయస్కాంతముగుఱించి ఏమి బోధింతుము? వాదించుట వృథా. కొంతసేపటికి వారే లేచి, నూలుపోగులు పేని, పసుపు పూసి, నడుమ పసుపుకొమ్ము కట్టి తాడు సిద్ధముచేసిరి. "అక్కడ తీయించి ఇక్కడ వాడు ఏడ్చుకొనుటకన్న, బంగారము ఇంటనే తీసి యిది కట్టుకొని పొమ్ము" అనిరి. అన్నగారిచేతనే కట్టించిరి. ముప్పది యేండ్ల పిమ్మట రెండవమాఱు కట్టుచు వారి చేతులు వణకినవి, వదినగారు నవ్విరి. బంగారము బీరువాలో శుభలేఖల నమూనాల ప్రక్కనే చేరినది. గంటలకొలది వరుసలో కూర్చుండవలసిన చోట బంగారము లేకుండుటయే మేలు. ముందువైపు గుండీలు గల రవికలు నాలుగు, శాలువ, సులువుగా ఉతుకుకొను నూలుచీరలు పెట్టితిమి.

నాల్గవనాటి రాత్రి వదినగారికి ఆ ఆసుపత్రి పుట్టుక చెప్పితిమి. చెన్నపురి శాసనసభలో 1927లో అడుగిడి ఉపాధ్యక్షురాలైన డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డిగారు, తన చెల్లెలు ఈ వ్యాధితోనే మరణించుట చూచి, దానికి ప్రత్యేకముగా ఆసుపత్రి యుండవలెనని పట్టుపట్టిరి. తోడి స్త్రీలను కూడగట్టి చందాలు పోగుచేసిరి. 1954లో పండ్రెండు మంచములతో అది మొదలైనది. మఱుసటి యేడు చేరిన డాక్టరు శాంతగారు 2021లో కన్నుమూయువఱకు దాని కంటిపెట్టుకొని యుండిరి. ఆడువారి పూనికతో లేచిన ఆసుపత్రి యని విని వదినగారు సంతోషింతురనుకొంటిమి. వారు "మందులకు ఎంత యగునో?" అనిరి. న్యాయమైన ప్రశ్నయే. ప్రభుత్వపు ఆరోగ్యపథకము కార్డు పొరుగు రాష్ట్రములో చెల్లునో చెల్లదో వెళ్లకముందే ఫోనుచేసి విచారింపవలెను. మొదటి దినముననే చికిత్స మొదలగునని యెంచరాదు. పేరు నమోదు, పరీక్షలు, వైద్యులు కలిసి కూర్చుండి ఆలోచించుట, వీనికి దినములు పట్టును. అందుకే వారమునకు సరిపడు బస మాటలాడుకొంటిమి.

ప్రశ్నలు వ్రాసికొనుటకు వదినగారు పాల లెక్కల పుస్తకమును తీసికొనిరి. రొమ్ము పూర్తిగా తీయవలసినదేనా యని మొదటిది. ఇప్పుడు తొలిదశలో అనేకులకు గడ్డమట్టుకు తీసి, కిరణచికిత్సతో రొమ్మును నిలుపుచున్నారని మేము చదివితిమి. అయినను వైద్యులే చెప్పవలెను. జుట్టు పోవునా? వంట చేయవచ్చునా? వైశాఖమునకు పీటలమీద కూర్చుండగలనా? ఆ తరువాత చాలసేపు కలము ఆగినది. "అమ్మాయికిని వచ్చునా?" అని వ్రాసిరి. నాలుగు నెలల మౌనమునకు మూలము ఈ ప్రశ్నయే యని మాకప్పుడు తెలిసినది. నూటికి ఐదు మొదలు పదిమంది విషయముననే ఈ వ్యాధి వంశపారంపర్యపు లోపమువలన వచ్చును. అట్టి అనుమానమున్న రక్తపరీక్ష కలదు. ఈ మాట చెప్పితిమి. వారు విని, "అట్లయిన వియ్యాలవారికి మనమే చెప్పుదము. పెండ్లియైన పిమ్మట తెలిసిన దాని కాపురము నేమగును?" అనిరి.

శనివారమునాడు తామే ఫోనుచేసి వియ్యపురాలితో చెప్పిరి. ఒక్క మాటయైనను తగ్గించి చెప్పలేదు. అవతల కొంతసేపు నిశ్శబ్దము. "ముందు మీరు వెళ్లి చూపించుకొని రండి వదినగారూ. మేము ఇంటిలో మాట్లాడుకొని చెప్పెదము" అని ఆమె యనెను. దాని యర్థమేమని మేము నలుగురము నాలుగు విధముల తర్కించితిమి. అమ్మాయి మాత్రము ఏమియు ననక, తల్లి సంచిలో టిఫినుడబ్బా సర్దినది.

ఆదివారము నాలుగున్నరకు రాహుకాలమని పినతండ్రిగారు మధ్యాహ్నపు బండికే ఎక్కించిరి. వదినగారు, అన్నగారు, అమ్మాయి, మేము. సంచిని వదినగారు ఒడిలోనే యుంచుకొనిరి. సూళ్లూరుపేటలో బండి ఆగినప్పుడు కలమడిగి తీసికొని, పాల లెక్కల పుస్తకములో మఱియొక ప్రశ్న వ్రాసిరి. అది మాకు చూపలేదు, మేమును అడుగలేదు.